గ్యాస్ అనుకున్న గుండె నొప్పి: మందులా, స్టెంటా?

మా బాబాయి రోజూ పొద్దున్నే విశాఖలోని పాండురంగాపురం డౌన్ దిగి బీచ్ రోడ్డులో నడుస్తారు. దిగడం సుఖమే. తిరిగి ఎక్కేటప్పుడే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బరువు, ఎడమ చెయ్యి లాగడం. ఆగితే ఐదు నిమిషాల్లో తగ్గిపోయేది. రెండు నెలలు గ్యాస్ మాత్రలు మింగారు. మన ఊళ్లో గుండె జబ్బు ముందు గ్యాస్ పేరుతోనే ఇంట్లోకి వస్తుంది మరి.

అది ఆంజైనా. గుండెకు రక్తం తెచ్చే నాళం కొవ్వు పేరుకుని సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం ఎత్తు ఎక్కేటప్పుడు చాలదు. నాళాల్లోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్‌లో ఒక నాళంలో బ్లాక్ కనిపించింది. ఇరుకు నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, అదే స్టెంట్, వేయించేస్తే టెన్షన్ పోతుందని పిన్ని, మందులు చాలని బాబాయి.

నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఇలాంటి నొప్పికి నా ఓటు ముందు మందులకే. 2020లో వెలువడిన ఇస్కీమియా అనే అధ్యయనంలో 5,179 మందిని చూశారు. ముందే స్టెంటో, అడ్డు దాటించి రక్తానికి కొత్త దారి వేసే బైపాస్ ఆపరేషనో చేయించుకున్నవాళ్లకీ, మందులతో మొదలుపెట్టినవాళ్లకీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకంటే స్టెంట్ తెరిచేది ఒక్క ఇరుకునే. కొవ్వు మిగతా నాళాల్లోనూ ఉంటుంది. పెద్దగా అడ్డుపడని చిన్న కొవ్వు గడ్డ పగిలినా గుండెపోటు రావచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ అన్ని నాళాలకూ కాపలా. బీటా బ్లాకర్ గుండె వేగం తగ్గిస్తుంది. నొప్పి వస్తే నాలుక కింద నాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్ర, అదీ కూర్చునే. నిలబడి వేసుకుంటే బీపీ పడి కళ్లు తిరగొచ్చు. వయాగ్రా లాంటివి వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు.

స్టెంట్ గొప్పతనం నొప్పి తగ్గించడంలో ఉంది. మందులు వాడినా నాలుగడుగులకే ఆగాల్సి వస్తుంటే అదే మేలు. 2017లో ప్రభుత్వం మందుపూత స్టెంట్ ధరను సుమారు 30,000 రూపాయలకు కట్టడి చేసింది, ఆసుపత్రి బిల్లు వేరు. వేయించాక మందులు మానేయొచ్చనుకోవడం మాత్రం భ్రమ. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నా, షుగరుతో పాటు మూడు నాళాలూ మూసుకుపోతున్నా బైపాస్ వైపే మొగ్గుతారు.

ఏది ఎంచుకున్నా పొగ మానాలి, అడ్డచుట్టయినా సిగరెట్టయినా.

ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టి తగ్గకపోయినా ఈ లెక్కలేవీ పనికిరావు. వెంటనే 108. అది గుండెపోటు కావచ్చు, అప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెట్టగలదు.

బాబాయి ఇప్పుడు మధ్యలో ఒక్కసారి ఆగి డౌన్ ఎక్కేస్తున్నారు. బయల్దేరే ముందు జేబులో సార్బిట్రేట్ ఉందో లేదో పిన్నే తడిమి చూస్తుంది.