జెర్విస్ బే కాన్వాయ్ చిత్రం: గ్రీనిచ్‌కి వెళ్ళేముందు బెల్‌ఫాస్ట్ ఎక్కండి

యుద్ధకాలపు కాన్వాయ్ (కాపలాతో కలిసి సాగే సరుకు ఓడల గుంపు) చిత్రాల కోసం లండన్ వెళ్ళేవాళ్ళు చాలామంది నేరుగా గ్రీనిచ్ మారిటైమ్ మ్యూజియంకి పోతారు. ముందు థేమ్స్ నదిలో మ్యూజియంగా నిలిపిన పాత యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ ఎక్కి వెళ్తే అదే బొమ్మ వేరేగా కనిపిస్తుంది.

చార్లెస్ పియర్స్ వేసిన జెర్విస్ బే పోరాట చిత్రం ఆ మ్యూజియానిదే. 1940 నవంబరు 5న కెనడాలోని హాలిఫాక్స్ నుంచి బ్రిటన్‌కు సరుకు తెస్తున్న హెచ్‌ఎక్స్ 84 కాన్వాయ్ మీద జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షేర్ విరుచుకుపడింది. నలభైకి కాస్త తక్కువ ఓడలు, కాపలా జెర్విస్ బే ఒక్కటే. అదీ 1922 నాటి ప్రయాణికుల ఓడ. నోటి వెడల్పు 6 అంగుళాలున్న పాత ఫిరంగులు 7 బిగించి పంపారు. ఎదుటిదానికి 11 అంగుళాలవి 6.

బెల్‌ఫాస్ట్ ఫిరంగులూ 6 అంగుళాలవే. గుండ్ల గదిలోకి దిగి చూడండి. ఒక్కో గుండు 50 కిలోలు, సరిగ్గా మన సిమెంటు బస్తా. షేర్ గుండు 300 కిలోలు, అంటే ఆరు బస్తాలు; పైగా జెర్విస్ బే గుండ్లు అందని దూరం నుంచే వచ్చి పడేవి. అయినా కెప్టెన్ ఫెగెన్ ఓడను శత్రువుకు ఎదురు నడిపాడు. పోరు సుమారు ఇరవై నిమిషాలు సాగింది. ఆలోగా మిగతా ఓడలు పొగ చాటున చెదిరిపోయాయి. ఐదు సరుకు ఓడలు మునిగాయి, ఎక్కువభాగం దక్కాయి. మునిగిపోయిన జెర్విస్ బే వాళ్ళలో 65 మందిని స్వీడన్ ఓడ స్టూరెహోమ్ వెనక్కొచ్చి కాపాడింది.

బెల్‌ఫాస్ట్‌కి టికెట్ ఉంది, మూడు గంటలైనా పడుతుంది. నిచ్చెనలు నిటారుగా ఉంటాయి. దిగేటప్పుడు నిచ్చెనవైపు తిరిగి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కింది అంతస్తులు కష్టం. పెద్ద బ్యాగు వద్దు.

పక్కనే ఉన్న లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి గ్రీనిచ్‌కి రైల్లో పది నిమిషాలు. మ్యూజియం ప్రవేశం ఉచితం, పది నుంచి ఐదు వరకు. అసలు చిక్కు ఇక్కడే: చిత్రాలన్నీ ఎప్పుడూ గోడమీద ఉండవు, చాలావరకు గోదాములో ఉంటాయి. వెబ్‌సైట్‌లో ఆ చిత్రం పేజీ తెరిచి ప్రదర్శనలో ఉందో లేదో చూసుకునే బయల్దేరండి. లేకపోతే ఇంత దూరం వచ్చీ చూడకుండానే తిరిగి వెళ్ళాలి. దీపాల మెరుపు అడ్డొస్తే ఓ పక్కకు జరిగి చూడండి.

బసకు గ్రీనిచ్ ప్రశాంతం. ఒక్క రాత్రే అయితే లండన్ బ్రిడ్జ్ దగ్గరే నయం, తిరుగుడు తగ్గుతుంది.

తిరుగు ప్రయాణం పడవలో టవర్ పియర్‌కి. రైలుకంటే ఖరీదే, కానీ దిగితే సముద్రంలో ప్రాణాలు పోయిన సరుకు ఓడల నావికుల టవర్ హిల్ స్మారకం దగ్గర్లోనే. చీకటి పడకముందే చేరాలి. ఫలకాల మీద పేర్లు ఓడలవారీగా ఉంటాయి కాబట్టి ఆ కాన్వాయ్‌లో మునిగిన మైదాన్, బీవర్‌ఫర్డ్ పేర్లతో వెతకండి. భారతీయ నావికుల కోసం మాత్రం ఇక్కడ చూడకండి. వాళ్ళ పేర్లు ముంబయి, చిట్టగాంగ్‌లలోని స్మారక గ్రంథాల్లో ఉన్నాయి.