మా ఆఫీసులో బీఎల్‌డీసీ ఫ్యాన్లు: వాడాక నా మాట

నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసు స్టోర్స్ సెక్షన్ నాది. పాత సీలింగ్ ఫ్యాన్లు తీసేసి ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లు లేని డీసీ మోటారువి) తెప్పించాం. పాతవి ఒక్కోటి 75 వాట్ల దాకా లాగేవి, ఇవి ఫుల్ స్పీడులో కూడా 30 వాట్ల చుట్టుపక్కలే. రోజుకు 10 గంటలు తిరిగితే ఫ్యాన్‌కు దాదాపు అర యూనిట్ మిగులు. మే నెలలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు తేడా బాగా తెలిసింది. గాలి తగ్గలేదు, గరగర చప్పుడూ లేదు.

ఇబ్బందల్లా రిమోట్‌తోనే. పెద్ద హాల్లో ఒకటి నొక్కితే పక్క ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. కనిపించకుండా పోవడం సరేసరి. మా అటెండర్ ఒక్కో రిమోట్‌కూ పురికొస కట్టి స్విచ్‌బోర్డు పక్కన మేకుకు వేలాడదీశాడు, అప్పట్నుంచి ఆ గొడవ లేదు.

పాత రెగ్యులేటర్ కనెక్షన్ తప్పించాలన్న సంగతి సప్లయర్ చెప్పనేలేదు. రెండు ఫ్యాన్లు ఆగి ఆగి తిరిగాయి, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేశాడు.

రేటు మామూలు ఫ్యాన్ కంటే ఎక్కువే. సీలింగ్ ఫ్యాన్లకు బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ 2023 నుంచి తప్పనిసరి, కానీ ఒక్క స్టార్ ఉన్నా అదీ లేబులే. ఎల్1 (అందరికంటే తక్కువ కోట్ చేసిన) రేటొక్కటే చూస్తే చవకది వచ్చి కూర్చుంటుంది. అందుకే వాట్లు, 5 స్టార్, వారంటీ ఏళ్లు స్పెసిఫికేషన్‌లోనే రాయించండి.