పర్లాకిమిడిలో మూడు భాషల లైవ్: వీళ్ళని పిలవొచ్చు, హెడ్‌ఫోన్ల అద్దె సంగతి మాత్రం ముందే అడగండి

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి మేం కొందరం మిత్రులం కలిసి పర్లాకిమిడిలో సభ పెట్టుకున్నాం. దాన్ని తెలుగు, ఒడియా, సవర భాషల్లో లైవ్ ఇచ్చిన బరంపురం వీడియోవాళ్ళ గురించి ఈ రివ్యూ. మళ్ళీ పని పడితే వాళ్ళనే పిలుస్తాం, అది ముందే చెప్పేస్తున్నా. ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది, దాన్ని దాచకుండా రాయాలి కాబట్టి పేరు పెట్టడం లేదు.

మూడు భాషలు ఎందుకండీ అని మొదట మాట్లాడిన వీడియోవాళ్ళు అందరూ అడిగారు. పంతులుగారు 1880లో ఈ ఊరికి బడిపంతులుగా వచ్చారు. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ మాట నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆయన చేతి మీదుగానే వచ్చాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కడ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి మనిషి పేరున సభ పెట్టి తెలుగులో మాత్రమే మాట్లాడుకుంటే ఇంటికి పిలిచిన చుట్టాన్ని వీధరుగు మీదే కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఒడియావాళ్ళు మా పక్కింటివాళ్ళు, సవరలు మా సంతకి వచ్చేవాళ్ళు, ఈ ఊళ్ళో ఎవరిని తీసేయగలం?

ఒకాయన, కింద సబ్‌టైటిళ్ళు వేస్తే సరిపోతుంది కదా అన్నాడు. గుమ్మ వైపు సవర ఊళ్ళలో వినాలనుకున్న ముసలివాళ్ళలో చాలామందికి చదవడం రాదు. ఇంకొకాయన జూమ్‌లో పెట్టేద్దాం, అందులో ఎవరికి కావలసిన భాష వాళ్ళు ఎంచుకోవచ్చు అన్నాడు. నిజమే, ఆ సౌకర్యం ఉంది. కానీ యాప్ వేసుకుని, మీటింగ్‌లో చేరి, భాష నొక్కడం ఆ ముసలమ్మలతో అయ్యే పనేనా? వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కితే మాట వినపడాలి, అంతే.

బరంపురం వాళ్ళు ఫోన్లో మొదట అడిగింది, "అన్నా, అనువాదం చెప్పేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?" అని. కెమెరాల సంగతి తర్వాతెప్పుడో వచ్చింది. నాకు అక్కడే గురి కుదిరింది.

చేసిన పద్ధతి ఇది. బొమ్మ ఒకటే, యూట్యూబ్ లింకులు మూడు, ఒక్కో లింక్‌లో ఒక్కో భాష. ఎక్కించేసిన వీడియోకి ఒకటికి మించి ఆడియోలు జోడించే వీలు యూట్యూబ్ ఇస్తోంది గానీ లైవ్‌లో ఇలా విడివిడిగా ఇవ్వడమే మేలన్నారు, మాకూ అదే తేలికగా తోచింది. మూడు లైవ్‌లు అంటే నెట్ కూడా మూడింతలు పైకి పోవాలి, అందుకని బొమ్మ నాణ్యత 720 దగ్గరే ఆపి, హాల్లో ఉన్న ఫైబర్‌కి తోడు రెండు సిమ్ములు పెట్టుకున్నారు. కొత్త ఛానల్‌లో లైవ్ మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చని వారం ముందే చెప్పి ఆ పని చేయించారు. ఇది తెలియక సభ రోజు పొద్దున్న టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు, మీరు గుర్తుపెట్టుకోండి.

ధ్వని విషయంలో వీళ్ళ పనితనం చూడాలి. వెనక గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి అనువాదకుల్ని కూర్చోబెట్టారు, భాషకి ఇద్దరేసి, పావుగంటకి ఒకరు మారేలా. వాళ్ళ హెడ్‌ఫోన్లలో వక్త గొంతు ఒక్కటే వినిపిస్తుంది, తమ గొంతు తిరిగి రాదు, వస్తే నాలుక తడబడుతుంది. బయటికి వెళ్ళే లింక్‌లో అనువాదం పైన, వక్త అసలు గొంతు సన్నగా అడుగున. ఆ అడుగు గొంతు తీసేస్తే రేడియో వార్తలు విన్నట్టు ఉంటుంది, వక్త ఎక్కడ నవ్వాడో ఎక్కడ గొంతు పట్టేసిందో తెలియదు. ఒక పెద్దాయన పద్యం ఎత్తుకుంటే అనువాదకుడు చేత్తో సైగ చేసి ఆగిపోయాడు, గొంతులు కలిపే మిక్సర్ దగ్గర కుర్రాడు వెంటనే అసలు గొంతు పైకి లేపాడు, పద్యం అయ్యాక నెమ్మదిగా దించాడు. మేం చెప్పి చేయించింది కాదు అది.

తర్వాత వాన మొదలైంది. రేకుల మీద ఒకటే మోత. ఆ చప్పుడు లోపలికి రాకూడదని కుర్రాడు అన్ని మైకులకీ నాయిస్ గేట్ వేశాడు, అంటే గొంతు ఒక స్థాయికన్నా తగ్గగానే మైకు దానంతటదే మూసుకుంటుంది. తెలుగు, ఒడియా బాగానే వచ్చాయి. సవర చెబుతున్న మాస్టారి ఫోన్‌కి మాత్రం ఊరి నుంచి కాల్ వచ్చింది, మాటలు తెగిపోతున్నాయని. సవరలో చాలా మాటలు చివర గొంతులో ఠక్కున ఆగిపోతాయి, ఆ చివరి ముక్క చాలా సన్నగా ఉంటుంది, దాన్ని కూడా ఆ గేటు చప్పుడనుకుని కోసేస్తోంది. మాస్టారు విరామంలో వచ్చి మిక్సర్ దగ్గర నిలబడి ఒకే మాట గేటుతో ఒకసారి, లేకుండా ఒకసారి చెప్పి వినిపించారు. నేనూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నా. మొదటిసారి మాటకి తోక లేదు, రెండోసారి ఉంది, తేడా అరక్షణం కూడా ఉండదు. కుర్రాడు రెండుసార్లు విని, "సరే మాస్టారూ, వాన వినబడినా పరవాలేదు" అని సవర మైకుకి గేటు తీసేశాడు. సరిగ్గా ఆ ధ్వనుల్ని కాగితం మీదికి తేవడానికే పంతులుగారు అన్నేళ్ళు తంటాలు పడ్డారు కదా, ఆయన సభలోనే అవి తెగిపోయి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక పొరపాటు. విరామం తర్వాత ఒడియా లింక్‌లో 11 నిమిషాలపాటు సవర గొంతు వచ్చింది. గేటు తీసే హడావిడిలో కేబుల్ మార్చి గుచ్చారు. లైవ్ ఎలా వెళ్తోందో వినడానికి ప్రతి లింక్ దగ్గరా ఒక మనిషి ఉండాలి, వీళ్ళలో ఒక్కడే మూడూ చూస్తున్నాడు. బరంపురం నుంచి ఒడియా మిత్రుడు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆయన నొచ్చుకోలేదు గానీ మాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళు సాకులు చెప్పలేదు, ప్రతి గొంతూ విడిగా రికార్డు చేసి ఉంచారు కాబట్టి రెండు రోజుల్లో ఒడియా వీడియో సరిచేసి మళ్ళీ ఎక్కించారు. అయినా ఆ పూట లైవ్ చూసినవాళ్ళకి ఆ ప్రసంగం పోయినట్టే.

ఇంకోటి, హాల్లో కూర్చున్న ఒడియావాళ్ళు ఫోన్లో లింక్ పెట్టుకుని వింటారులే అనుకున్నాం. కుదరలేదు. లైవ్ దాదాపు 20 సెకన్లు వెనక వస్తోంది, హాల్లో చప్పట్లు అయిపోయాక ఫోన్లో మాట వస్తుంది. హాల్లోవాళ్ళకి కావాలంటే విడిగా వైర్‌లెస్ రిసీవర్లు తెప్పించాలి.

బిల్లు 24 వేలు అనుకున్నాం, రెండు కెమెరాలు, మూడు భాషలు, రాను పోను వ్యాను అన్నీ కలిపి. చివర్లో అనువాదకుల హెడ్‌ఫోన్ల అద్దె అని ఇంకో 2 వేలు వేశారు. డబ్బు ఎక్కువని కాదు, ముందు చెప్పకపోవడం బాగాలేదు, ఆ మాట వాళ్ళతోనే అన్నాను. ఒకవేళ మీ బడ్జెట్ తక్కువైతే రెండో కెమెరా మానేయండి గానీ ఆ హెడ్‌ఫోన్లు మాత్రం తగ్గించకండి. కరెంటు ఒకసారి పోయింది, ఇన్వర్టర్ పట్టుకొచ్చారు, లైవ్ ఆగలేదు.

సవర లింక్‌లో ఒక దశలో 61 మంది కనిపించారు. మాస్టారి ఊళ్ళో అయితే ఒకే ఫోన్‌ని స్టీలు గిన్నెలో పెట్టి చుట్టూ పదిమంది కూర్చుని విన్నారట, గిన్నెలో పెడితే గొంతు పెద్దగా వినిపిస్తుందని.

జనవరి 22న పంతులుగారి వర్ధంతికి చిన్న సభ అనుకుంటున్నాం. లింక్‌కి ఒక మనిషి ఉండాలి, కేబుళ్ళకి రంగు టేపులు చుట్టాలి, హెడ్‌ఫోన్లు బిల్లులోనే కలవాలి అని కాగితం మీద రాయించుకుని వాళ్ళకే అడ్వాన్సు ఇచ్చాం.