వాలెట్టాలో గుర్రబ్బండి ఎక్కబోతున్నారా? ముందు ఇది చదవండి

నిన్న మధ్యాహ్నం జరిగింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మాల్టాకి, దాని రాజధాని ఈ వాలెట్టాకి ఈమధ్య అందరూ వెళ్లొస్తున్నారు కాబట్టి ఊరి గొప్పలు చెప్పను. మేమిద్దరం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, డబ్లిన్ నుంచి మూడు రోజులకి వచ్చాం.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, వాలెట్టాలో ఏ సందులో చూసినా మెట్లు. అందుకని ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర ఒక గుర్రబ్బండి మాట్లాడాను. వాళ్లు కరొత్సిన్ అంటారు, మన జట్కా లాంటిదే. 35 యూరోలు, ముప్పావుగంట, చివర్లో అప్పర్ బరాక్కా తోట దగ్గర దింపాలి. పన్నెండింటికి అక్కడ ఫిరంగి పేలుస్తారు, అది నాన్న చూడాలి. వేళ్లు చూపించి మరీ చెప్పాను. తలూపాడు. ఎంత మంచివాడో అనుకున్నా. అమ్మయితే గుర్రానికి బిస్కెట్లు కూడా పెట్టింది.

ఇరవై నిమిషాలు కాకముందే బండి ఆపి "ఫినిష్" అన్నాడు. చూస్తే లోయర్ బరాక్కా! ఊరికి కింది కొస. అదేంటయ్యా అంటే "బరాక్కా ఈజ్ బరాక్కా" అని నవ్వు. పోనీలే అని 35 చేతిలో పెట్టాను. నోట్లు లెక్కపెట్టుకుని, సీటు కింద నుంచి ఒక అట్టముక్క తీశాడు. 35 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "పర్ పర్సన్". నలుగురికి 140 అట. నేను గొంతు పెంచేసరికి, ఇంకా బండిలోనే ఉన్న అమ్మ చేతిసంచి మీద చెయ్యేశాడు. మీవాళ్లంతా ఇంతే, ఎక్కేముందు బేరం, దిగాక ఏడుపు అన్నాడు. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా జేబులోంచి వంద నోటు, పైన ఐదు తీసిచ్చారు. సరిగ్గా అప్పుడే ఫిరంగి పేలింది. నాన్న తలెత్తి అటు చూశారు. గోడలు తప్ప ఏమీ కనిపించలేదు.

1565లో ఒట్టోమాన్ సైన్యం దాదాపు నాలుగు నెలలు ముట్టడించినా మాల్టా లొంగలేదట. ఆ మరుసటి ఏడాదే ఈ ఊరికి పునాది వేశారు. నేను మాత్రం ఒక్క అట్టముక్కకి లొంగిపోయాను. హైదరాబాద్‌లో పది రూపాయల కోసం ఆటోవాడితో అరగంట వాదించిన ఘనుణ్ణి! బండి నంబరు చూసుకోలేదు. గుర్రంతో సెల్ఫీలు మాత్రం పదకొండున్నాయి. తర్వాత సెయింట్ జాన్ కో-కెథీడ్రల్లో కారవాజ్జో వేసిన తల నరికే చిత్రం ముందు నిలబడ్డా, నా మెడే గుర్తొచ్చింది.

బళ్లవాళ్లందరూ ఇంతేనని అనను. ఎక్కాలనుకుంటే బండి మొత్తానికి ఎంత, ఎక్కడ దింపుతాడు అన్నది ఫోన్లో టైప్ చేసి చూపించి, అతను ఒప్పుకున్నాకే ఎక్కండి. అన్నట్టు, రేవు నుంచి నేరుగా అప్పర్ బరాక్కాలోకి 58 మీటర్ల లిఫ్టే ఉంది. నాకు సాయంత్రం తెలిసింది.

ఫిరంగి నాలుగింటికి మళ్లీ పేలుస్తారు. వెళ్దామా అంటే నాన్న, "నాకు వినిపించిందిలేరా" అన్నారు.