ఏడేళ్ళు వాడిన గాలం రాడ్డు: మధ్యలో రెండేళ్ళు అటక మీద

ఈ రాడ్డు 2018 ఆగస్టులో కొన్నాను. ఏడడుగుల కార్బన్ రాడ్డు, రెండు ముక్కలుగా విడిపోతుంది. దానికి 4000 సైజు స్పిన్నింగ్ రీలు, అంటే దారం చుట్టుకునే చక్రం. రెండూ కలిపి ఆరు వేలు దాటాయి, అప్పటి నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. ఈ ఏడేళ్ళలో రెండేళ్ళకు పైగా అది అటక మీదే పడి ఉంది. రాడ్డులో లోపం ఉండి కాదు, చేపల వేట మీద నాకే మనసు పోయింది. మళ్ళీ దించి ఏడాదిన్నర అవుతోంది. కొత్తగా కొనాలనుకునేవాళ్ళకూ, కొని మూలన పెట్టినవాళ్ళకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. కనిగిరి రిజర్వాయరు కాలవల గట్ల మీద పెరిగినవాణ్ణి. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలీక కాడతో బెండు, పేడదిబ్బలో తవ్విన వానపాములు. జెల్లలూ పరిగెలూ పడితే చాలు, ఆ పూటకి పండగే. కొర్రమీను మాత్రం మా వెదురు కర్రకి ఎప్పుడూ లొంగలేదు. అది తుంగలోనూ తామరాకుల కిందా ఉంటుంది, అక్కడ మామూలు గాలం వేస్తే గడ్డికి తగులుకుని తెగిపోతుంది. ఈ రాడ్డు కొన్నది దానికోసమే.

కొర్రమీనుకి ఎరగా వాడేది రబ్బరు కప్ప. లోపల బోలుగా ఉంటుంది, రెండు కొక్కేలు పైకి తిరిగి వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల మీదుగా లాగినా తగులుకోదు. చేప నోటితో నొక్కినప్పుడే రబ్బరు అణిగి కొక్కేలు బయటపడతాయి. అందుకే చేప ఎగిరి పట్టిన వెంటనే లాగితే కప్ప ఒక్కటే ఖాళీగా మన వైపు వస్తుంది. ఒకటి, రెండు అని మనసులో అనుకుని, దారం బిగిసినట్టు తెలిశాక లాగాలి. ఆ ఆగడం నాకు పట్టుబడటానికే ఒక సీజన్ పట్టింది. నైలాన్ దారం సాగుతుంది, కొర్రమీను దవడ గట్టిది, సాగే దారంతో కొక్కెం సరిగా దిగదు. నేను నలభై పౌండ్ల అల్లిక దారం వాడుతున్నాను. చేప తగిలాక గడ్డిలోకి దూరకముందే తల పైకి లేపాలి. ఈ రాడ్డు నడుము గట్టిదనం అక్కడే తెలుస్తుంది. రెండు కిలోల చేపని గుర్రపుడెక్కలోంచి ఆకులతో సహా లాక్కొచ్చింది, ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

దెబ్బతిన్న భాగాల సంగతి. 2020లో కారు తలుపు పడి కొస రెండంగుళాలు విరిగింది. విరిగినచోట అరగదీసి, దారం దూరే కొత్త కొస రింగు అతికించాను. రాడ్డు కాస్త బిరుసైంది కానీ కప్పకి అది ఇబ్బంది కాలేదు. తర్వాత దారం ఊరికే తెగిపోతుంటే నెలరోజులు దారాన్నే తిట్టుకున్నాను. చివరికి రింగుల్లో దూదిముక్క తిప్పి చూస్తే మూడో రింగులో దూది చిక్కుకుంది. లోపలి పింగాణీ కంటికి కనపడనంతగా చిట్లింది. మీ దారం పదేపదే తెగుతుంటే ముందు ఈ దూది పరీక్ష చేయండి. రీలులో బలహీనమైన భాగం దారాన్ని పట్టే తీగ వెనక ఉండే స్ప్రింగు. రెండుసార్లు విరిగింది. కొన్న అంగట్లో అడిగితే రేపు, మాపు అంటూ మూడు నెలలు తిప్పించారు. ఆ సీజన్ పోయింది, అది మాత్రం ఇప్పటికీ బాధే.

మనసు పోవడం ఒక్కరోజులో జరగలేదు. తోటివాళ్ళందరం వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకునేవాళ్ళం. ఎన్ని కిలోలు, ఎన్ని చేపలు, అంతే మాట. చెరువు దగ్గరికి వెళ్ళగానే కప్ప విసరడం, లాగడం, మళ్ళీ విసరడం. గంటకి వంద విసుర్లు. ఒక ఆదివారం ఏమీ పడకపోతే వారమంతా చిరాకు. డబ్బు కట్టి పట్టుకునే చెరువులకి కూడా వెళ్ళాను. అక్కడ తవుడుముద్ద వేస్తే ఐదు నిమిషాల్లో బొచ్చె తగులుతుంది. మూడోసారి వెళ్ళాక ఎందుకు వచ్చానో నాకే తెలియలేదు.

అంతలో 2021 నవంబరు వరద వచ్చింది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయిన సంగతి మన జిల్లావాళ్ళెవరూ మర్చిపోరు. నీళ్ళు తీశాక మా పొలాల్లో, బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. చెరువులు తెగి వచ్చినవి. జనం బుట్టలతో ఏరుకున్నారు, నేనూ చేత్తోనే ఏరాను. నాట్లేసిన మడి పోయింది, చేతిలో మూడు కిలోల శీలావతి ఉంది. ఆ రోజు తర్వాత రాడ్డు పట్టుకోబుద్ధి కాలేదు. గుడ్డసంచిలో చుట్టి అటకెక్కించాను.

2024 మార్చిలో చెల్లెలు పురిటికి వచ్చింది. బాలింతకి కొర్రమీను పెట్టాలి అంది అమ్మ. "అంగట్లోవన్నీ పెంచినవి, మన చెరువుది తీసుకురా అబ్బయ్యా" అని పట్టుబట్టింది. దించి చూస్తే పిడి స్పాంజిని ఎలుకలు కొరికేశాయి, సైకిలు ట్యూబు కోసి చుట్టాను. దారం వేలికి చుట్టి లాగితే పుటుక్కుమంది, మొత్తం మార్చాల్సి వచ్చింది. రీలు డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సర్దే భాగం, బిగించి వదిలేసినందువల్ల లోపలి ఫెల్టు బిళ్ళలు అణిగి అతుక్కుపోయాయి. దాచేటప్పుడు డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టాలి, ఇది రాసి పెట్టుకోండి. కార్బన్ మాత్రం చెక్కుచెదరలేదు.

చెరువులో నీళ్ళు సగానికి తగ్గాయి. అలవాటు ప్రకారం విసరడం మొదలుపెట్టాను. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న యానాది పెద్దాయన కాసేపు చూసి, "నీళ్ళు చూడకుండా ఇసురుతా ఉండావేంది నాయనా? ఆడ లేదది" అన్నాడు.

"నీకెట్టా తెలుసు తాతా?"

"ఆ తుంగ కాడ మూడు తూర్లు గుక్క పెట్టింది. నువ్వు నీ దారం చూసుకుంటా ఉండావు."

కొర్రమీనుకి నీళ్ళలో గాలి చాలదు, పైకి వచ్చి గాలి మింగి పోవాలి. ఇది నాకు తెలియని విషయం కాదు. కానీ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గుక్క కోసం కూర్చుని చూడలేదు. రాడ్డు పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత తుంగ మొదట్లో చిన్న 'గుబుక్', దాని చుట్టూ ఒక వలయం. కొన్ని నిమిషాలకి మళ్ళీ అక్కడే, చేతి వెడల్పు పక్కన. తాబేలు ముక్కు పెట్టినప్పటి అలకీ దీనికీ తేడా ఆయన చూపించాడు. గంటసేపు ఒక్కసారీ విసరలేదు. గుండె మాత్రం చిన్నప్పుడు బెండు మునిగినప్పుడు కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది.

గుక్క పడిన చోటికి రెండు బారల అవతల కప్ప వేసి, మెల్లగా తుంగ అంచుకి తెచ్చి ఆపాను. నీళ్ళు పగిలాయి. ఒకటి, రెండు, లాగాను. కిలోంపావు ఉంటుంది. అమ్మ చింతపండు తగ్గించి, మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి చెల్లెలికి వండింది. పెద్దాయన ఇంటికి సాయంత్రం ఒక గిన్నె తీసుకెళ్ళి ఇచ్చాను.

అప్పటినుంచి రాడ్డు వాడకమే మారింది. కప్పలు పాతిక ఉండేవి, ఇప్పుడు మూడు. ఫోను బండి డిక్కీలో. పూటకి పది పదిహేను విసుర్లకి మించవు. కొన్ని ఆదివారాలు ఒక్కటీ ఉండదు, అయినా వారమంతా ఆ చెరువే కళ్ళలో మెదులుతుంది. ఈ రాడ్డుకి ఇలాంటి వేటే సరిపోయింది. తక్కువ విసుర్లు, ప్రతి విసురూ గురి చూసి వేసేది. కొస బిరుసెక్కడం వల్ల గురి కూడా బాగుంది.

వానలు పడ్డాక ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీటిమీద ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే అవి ఆకలితో కాదు, పిల్లల కోసం కొరుకుతాయి. వాటిని తీసేస్తే గుంపు మొత్తం పక్కెలకీ కొంగలకీ ఆహారమే. ఒకప్పుడు నేను అలా పట్టిన చేపలతో ఫోటోలు దిగాను, దానికి సిగ్గుపడుతున్నాను. ఇప్పుడు గుంపు కనపడితే రాడ్డు విడదీసి ఇంకో గట్టుకి పోతాను.

ఇంకో ముఖ్యమైన మాట. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన కాలవ గట్ల మీద తీగలు కిందికి వేలాడుతుంటాయి. నడిచేటప్పుడు రాడ్డు విడదీసి పట్టుకోండి, ఉరుము వినపడగానే కింద పెట్టేయండి. చేపలకి వేలంపాట పాడిన చెరువైతే, పాడుకున్నవాళ్ళని అడిగే దిగండి.

ఉప్పునీళ్ళకి ఈ సెట్టు అంత బాగోదు. ఊటుకూరు దగ్గర పెన్నా సముద్రంలో కలిసేచోట పండుగప్ప కోసం నాలుగుసార్లు వాడాను. ప్రతిసారీ మంచినీళ్ళు మెల్లగా పోసి కడిగినా రీలు బేరింగు గరగరలాడింది. పండుగప్ప మగదిగా పుట్టి పెద్దయ్యాక ఆడదవుతుంది, అంటే పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టేవే. అక్కడ పెద్దది పడితే వదిలేస్తాను.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే రాడ్డు కొంటాను. రీలు మాత్రం స్పేరు పార్టులు దొరికేది చూసుకుంటాను. మొన్న స్ప్రింగు మళ్ళీ వదులైంది. ఈసారి రెండు తెప్పించి, ఒకటి వేసి, ఇంకోటి కప్పల డబ్బాలో పెట్టుకున్నాను.