ఆర్‌సీఎం (కతోలిక) ఇంట్లో ప్రొటెస్టంట్ బైబిల్: నువోవా రివెదూతా వాడాక నా మాట

మీరు ఇటలీలో ముసలివాళ్లను చూసుకునే పనిలో ఉండి, ఆ ఇంట్లోవాళ్లు కతోలికులై, మీరు బాప్టిస్టో లూథరనో అయితే ఈ రివ్యూ మీకోసమే. పుస్తకం పేరు నువోవా రివెదూతా. ఇక్కడి ప్రొటెస్టంట్ సంఘాల్లో బాగా వాడే ఇటాలియన్ బైబిల్, 1994లో వచ్చింది. దీని మూలం వెతుక్కుంటూ వెళ్తే 1607లో జొవాన్ని దియొదాతి జెనీవాలో అచ్చువేయించిన బైబిల్ దగ్గర తేలతాం.

నా సొంత ప్రార్థనకి తెలుగు బైబిలే. భాష ఎంత వచ్చినా కీర్తనలు ఇటాలియన్‌లో చదివితే నా నోటికి ఎక్కవు. ఇది కొన్నది ఇంట్లోవాళ్ల కోసం. నేను చూసుకునే సిన్యోరాకి, అంటే ఇంటి అమ్మగారికి, ఎనభై దాటాయి. మంచం పక్కన కతోలికుల పునీతుడు పాద్రే పియో ఫోటో, సాయంత్రం ఆరయితే టీవీలో లూర్దు మరియమాత పుణ్యక్షేత్రం నుంచి జపమాల. నేను జపమాల చెప్పనని తెలియగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "అయితే నువ్వు యెహోవా సాక్షివా?" ఈ దేశంలో 'ఇవాంజెలిక' (ప్రొటెస్టంట్) అని చెప్పుకున్న విదేశీయులందరికీ ఈ ప్రశ్న అలవాటే. తలుపు గంట కొట్టి పత్రికలు చేతిలో పెట్టేవాళ్లు తప్ప కతోలికులు కాని క్రైస్తవులు ఇంకెవరూ చాలామందికి తెలియదు. అలాంటప్పుడు తెలుగు బైబిల్ చూపించి ఏం లాభం? వాళ్ల భాషలో ఉన్నది చేతిలో పెడితే వాళ్లే తిరగేసి చూసుకుంటారు.

చదవడానికి ఎలా ఉంటుందంటే, సువార్తలు సులువు. బి1 (మధ్యస్థ) స్థాయి ఇటాలియన్ వస్తే మార్కు సువార్త తడుముకోకుండా పైకి చదవొచ్చు. పౌలు పత్రికల దగ్గర మాత్రం వాక్యాలు పొడుగైపోయి ఊపిరి ఆడదు. యెషయాకి డిక్షనరీ పక్కన ఉండాల్సిందే.

అసలు పరీక్ష పది ఆజ్ఞల దగ్గర వచ్చింది. సిన్యోరా చిన్నప్పుడు కతెకిజ్మోలో (గుళ్లో చెప్పే మతపాఠాల్లో) నేర్చుకున్న ఆజ్ఞలు అంకెలతో సహా ఇప్పటికీ అప్పజెబుతుంది. నేను నిర్గమకాండం 20 చదువుతుంటే మధ్యలో ఆపింది.

"ఈ విగ్రహాల ఆజ్ఞ ఎక్కడిది? మీవాళ్లు కలిపారా?"

"లేదు సిన్యోరా, మీ బైబిల్లోనూ ఉంది."

అల్మారాలోంచి ఆవిడ 'చెయ్' బైబిల్, అంటే ఇటలీ బిషప్పుల సమాఖ్య 2008లో తెచ్చిన అనువాదం, దించి చూపించాను. 20వ అధ్యాయం 4వ వచనం, అక్కడే ఉంది. తేడా లెక్కలోనే. కతోలికులు దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపేసి, చివరనున్న ఆశించకూడదన్న ఆజ్ఞని రెండు చేస్తారు. అందుకే వ్యభిచారం ఆవిడకి ఆరో ఆజ్ఞ, నాకు ఏడోది. (లూథరన్లూ కతోలికుల్లాగే లెక్కపెడతారు. ఈ సంగతి మన బాప్టిస్టుల్లో చాలామందికి తెలియదు, వాదనకి దిగేముందు గుర్తుపెట్టుకోండి.) సిన్యోరా కళ్లజోడు సర్దుకుని ఆ వచనం తనే చదివింది. తర్వాత పాద్రే పియో వైపు చూసి, "ఆయన విగ్రహం కాదు, ఫోటో" అంది. నేనేమీ అనలేదు.

ఇక లోటు సంగతి. ఇందులో 66 పుస్తకాలే, కతోలిక బైబిల్లో 73. మనకిది లోటు కాదు, కానీ ఈ ఇంట్లో లోటే. భర్త అంత్యక్రియల్లో చదివిన వాక్యం చదవమని సిన్యోరా అడిగింది, 'నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నవి' అన్నది. జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం అది. నా బైబిల్లో ఉండదు. ఆవిడ బైబిలే తెచ్చి చదివాను. అది మన లేఖనం కాదు కదా, చదవొచ్చా అని మన సంఘం అక్క ఒకావిడ నన్ను నిలదీసింది. భర్త పోయిన మనిషి అడిగితే చదవనని చెప్పడం నాకు రాదు. జపమాల మాత్రం చెప్పను. ఈస్టర్ ముందు పాద్రెగారు ఇళ్లు ఆశీర్వదించడానికి వస్తే తలుపు తీస్తాను, కాఫీ పెడతాను, తలవంచి నిలబడతాను, సిలువ గుర్తు వేసుకోను. ఎవరి గీత వాళ్లు గీసుకోవాలి, నాది ఇక్కడుంది.

ఇలాంటి ఇంట్లో రెండూ కలిసొచ్చే పుస్తకం కావాలంటే కతోలికులు, ప్రొటెస్టంట్లు కూర్చుని కలిసి చేసిన అనువాదం ఒకటుంది. కొత్త నిబంధన 1976లో, మొత్తం బైబిల్ 1985లో వచ్చాయి. వాడుక భాష కాబట్టి కొత్తగా ఇటాలియన్ నేర్చుకునేవాళ్లకి నువోవా రివెదూతా కన్నా అదే నయం. నాకు మరీ విడమర్చి చెప్పినట్టు అనిపించి మానేశాను.

నువోవా రివెదూతా నాకు ఎక్కువగా అక్కరకొచ్చేది గుడ్ ఫ్రైడే నాడు. పోపు ఉండే ఊళ్లో గుడ్ ఫ్రైడేకి సెలవు లేదంటే మనవాళ్లు నమ్మరు. ఆగస్టు 15, డిసెంబర్ 8 మరియమాత పండగలకు సెలవు, ఈస్టర్ మర్నాడు సోమవారం సెలవు, శుక్రవారం మాత్రం పనిదినం. నాకు డ్యూటీ ఉంటుంది, ఆరాధనకి వెళ్లడం కుదరదు. మధ్యాహ్నం సిన్యోరా పక్కన కూర్చుని యోహాను 18, 19 అధ్యాయాలు పైకి చదువుతాను. ఆ రోజు వాళ్ల గుళ్లో చదివేవీ అవే, కాబట్టి పేతురు బొంకే చోటు రాకముందే ఆవిడ కోడిపుంజు అనేస్తుంది.

రోజూ ఇంత సేపు చదవలేనివాళ్లకి 'ఉన్ జోర్నో, ఉనా పరోలా' అనే చిన్న పుస్తకం ఉంది, ఏటా వస్తుంది. రోజుకి పాత నిబంధన వచనం ఒకటి, కొత్త నిబంధన వచనం ఒకటి. జర్మనీలోని హెర్న్‌హూట్ ఊరి మొరేవియన్లు (ఒక ప్రొటెస్టంట్ సంఘంవాళ్లు) 1731 నుంచి అచ్చువేస్తున్న దినవాక్యాలకి ఇది ఇటాలియన్ రూపం. పొద్దున్న సిన్యోరాకి మందులిచ్చే సమయం దీనికి సరిగ్గా సరిపోతుంది.

బైబిల్ కొనేటప్పుడు మదియాయి దంపతుల కథ కూడా అడిగి తెలుసుకోండి. రోజా మదియాయి మనలాగే ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో పనిచేసిన మనిషి. ఫ్లోరెన్స్‌లో ఆమెనీ భర్త ఫ్రాంచెస్కోనీ ప్రొటెస్టంట్ విశ్వాసం పట్టుకున్నందుకు 1851లో అరెస్టు చేసి జైల్లో పెట్టారు. బయటి దేశాల నుంచి ఒత్తిడి వచ్చాక 1853లో వదిలారు. ఈ కథ చెప్పినప్పుడు సిన్యోరా కొడుకు ఆశ్చర్యపోయాడు. ఏటా పన్ను కాగితంలో వెయ్యికి ఎనిమిది వంతులు ఇటలీలోని పాత ప్రొటెస్టంట్ సంఘమైన వాల్దెన్సియన్ సంఘానికి వెళ్లేలా సంతకం పెట్టే మనిషి ఆయన. కతోలికుడే, కానీ ఆ డబ్బు వాళ్లు ఆరాధనకి కాక సేవా పనులకే వాడతారని పెడతాడు. వాళ్లెవరో మాత్రం అప్పటిదాకా తెలుసుకోలేదు.

రోమ్‌లో అయితే పియాత్సా కవూర్‌లో, 1914లో కట్టిన వాల్దెన్సియన్ గుడి పక్కనే క్లౌదియానా పుస్తకాల షాపు ఉంది, అక్కడ అడగండి. గుడి తెరిచి ఉంటే రంగుటద్దాలు కూడా చూసి రండి. అవి గీసిన పావొలో పస్కెత్తో ప్రొటెస్టంటే. మనం క్వెస్తూరాలో (నివాస అనుమతులిచ్చే పోలీసు ఆఫీసులో) క్యూ కట్టి తెచ్చుకునే కాగితాల మీద ఇటలీ ప్రభుత్వ చిహ్నం ఉంటుంది చూడండి, ఆ నక్షత్రం, పళ్ల చక్రం గీసిందీ ఆయనే.

సంచిలో పట్టే సైజు బైబిల్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ దీపం వెలుగులో ముసలివాళ్లకి చదివి వినిపించడానికి పనికిరాదు. బరువైనా పెద్ద అక్షరాలదే తీసుకోండి.