పోస్టల్ బ్యాలెట్టా, పోలింగ్ కేంద్రమా? విశాఖ ఓటరుకు ఏది మేలు?

ఎన్నికల తేదీ వెలువడగానే విశాఖలో చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. ఎంవీపీ కాలనీలో మెట్లు దిగలేని పెద్దావిడ ఉన్న ఇంట్లోనూ, ఎన్నికల డ్యూటీ పడిన ఉపాధ్యాయుల ఇళ్లలోనూ, మల్కాపురం వైపు నౌకాదళ కుటుంబాల్లోనూ అడిగేది ఒకటే: కేంద్రానికి వెళ్లి మీట నొక్కడం మేలా, కాగితం మీద ఓటు వేసి పంపడం మేలా?

వెళ్లగలిగిన వారు కేంద్రానికి వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం. పోస్టల్ బ్యాలెట్‌ను దారిలో ఎవరో మార్చేస్తారన్న భయంతో ఈ మాట అనడం లేదు. దానికి ఉన్న కట్టుదిట్టాలు చిన్నవి కావు. భయపడాల్సింది మన చేతుల మీదుగా జరిగే చిన్న పొరపాటు గురించి. ఈవీఎం దగ్గర మీట నొక్కితే పక్కనే ఉండే వీవీప్యాట్ అనే చీటీ యంత్రం అద్దం వెనుక మనం ఎంచుకున్న గుర్తుతో చీటీ ఏడు సెకన్ల పాటు కనిపిస్తుంది. అంతటితో మన పని పూర్తి. కాగితం ఓటుకు మాత్రం లెక్కింపు బల్ల దాకా పరీక్షలే.

ఆ పరీక్షలేమిటో తెలియాలంటే కవర్లు చూడాలి. ఓటరుకు బ్యాలెట్ పత్రంతో పాటు ఫారం 13ఏ అనే డిక్లరేషన్, రెండు కవర్లు వస్తాయి. గుర్తు పెట్టిన బ్యాలెట్‌ను లోపలి కవర్లో పెట్టి అంటించాలి. ఆ కవరు మీద బ్యాలెట్ క్రమసంఖ్య వేయాలి. డిక్లరేషన్ మీద సంతకం చేసి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ చేయించి, లోపలి కవర్లో కాకుండా విడిగా పెద్ద కవర్లో పెట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే. కొందరు డిక్లరేషన్‌ను కూడా బ్యాలెట్‌తో కలిపి లోపలి కవర్లో పెట్టి అంటించేస్తారు. ఇంకొందరు అన్నీ సరిగ్గా చేసి సంతకం మరిచిపోతారు. మరికొందరు మంచి ఉద్దేశంతోనే బ్యాలెట్ మీద సంతకం చేస్తారు. ఓటరెవరో తెలిపే గుర్తు బ్యాలెట్ మీద ఉంటే ఆ ఓటు చెల్లదు.

లెక్కింపు రోజున ముందుగా పెద్ద కవరు తెరుస్తారు. డిక్లరేషన్ లేకపోయినా, సంతకమో ధ్రువీకరణో లేకపోయినా, అందులోని క్రమసంఖ్య లోపలి కవరు మీది సంఖ్యతో కలవకపోయినా ఆ ఓటు అక్కడే ఆగిపోతుంది. లోపలి కవరును తెరవనే తెరవరు. అన్నీ సరిపోతే డిక్లరేషన్లన్నిటినీ వేరే ప్యాకెట్లో పెట్టి సీలు వేసిన తరువాతే లోపలి కవర్లకు చేయి పెడతారు. పేరున్న కాగితం సీలు వెనుకకు వెళ్లాక గానీ ఓటున్న కాగితం వెలుగు చూడదు. ఓటు రహస్యంగా ఉండేది ఈ వరుస వల్లే. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది.

ఆ ధ్రువీకరణ దగ్గరే 2024లో మన రాష్ట్రంలో పెద్ద వివాదం రేగింది. డిక్లరేషన్ మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా అన్న ప్రశ్న హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెల్లుతుందన్న ఎన్నికల సంఘం మాటే నిలిచింది. అయినా జూన్ 4న లెక్కింపు ఉండగా ఆ ముందు రోజు వరకు ఎంతోమంది ఉద్యోగులు తమ ఓటు ఏమవుతుందోనని ఎదురుచూడాల్సి వచ్చింది. బూత్‌కు వెళ్లి మీట నొక్కినవారికి ఆ ఆందోళన లేదు.

పెద్దవారి విషయంలో నా తీర్పు మారుతుంది. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్నవారు ఇంటి వద్దే ఓటు వేయవచ్చు. మొదట 80 ఏళ్లుగా ఉన్న వయసు పరిమితిని 2024 ఎన్నికల ముందు 85కు పెంచారు. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇచ్చే ఫారం 12డి నింపి, నోటిఫికేషన్ వెలువడిన అయిదు రోజుల్లోగా అందజేయాలి. తరువాత చెప్పిన రోజున ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, పోలీసు ఇంటికి వస్తారు. అభ్యర్థుల ప్రతినిధులు కూడా రావచ్చు. అంతమంది వచ్చినా బ్యాలెట్ మీద గుర్తు పెట్టే చోట అడ్డు ఉంటుంది. కొడుకైనా కోడలైనా అటు తొంగిచూడకూడదు. ధ్రువీకరణ కూడా వచ్చిన అధికారి చేతే అక్కడికక్కడ అయిపోతుంది కాబట్టి పైన చెప్పిన తడబాటుకు చోటు తక్కువ. మొదటిసారి ఇంట్లో లేకపోతే మరోసారి వస్తారు, ఆపై రారు.

ఒక్క మాట మాత్రం కుటుంబాలు ముందే ఆలోచించుకోవాలి. 12డి ఆమోదం పొందాక ఓటర్ల జాబితాలో ఆ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ గుర్తు పడుతుంది. పోలింగ్ రోజున ఆరోగ్యం బాగుందని బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు. నడవగలిగిన 86 ఏళ్ల పెద్దాయనకు బూత్‌కు వెళ్లి వేలికి సిరా చుక్క పెట్టించుకోవడమే ఇష్టమైతే పిల్లలు తమ సౌకర్యం కోసం ఫారం నింపేయకూడదు. మంచం దిగలేనివారికైతే రెండో ఆలోచన వద్దు. ఆటోలో ఎక్కించి, ఎండలో క్యూలో నిలబెట్టి వారిని కష్టపెట్టడం కన్నా ఇంటి ఓటు వెయ్యి రెట్లు మేలు.

ఎన్నికల డ్యూటీ పడిన ఉద్యోగులకు రెండు దారులున్నాయి. డ్యూటీ సొంత నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఏ ఇచ్చి ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్ తీసుకుని, పనిచేసే కేంద్రంలోనే ఈవీఎంలో ఓటు వేయవచ్చు. దొరికితే ఇదే తీసుకోండి. కానీ పోలింగ్ సిబ్బందిని మామూలుగా సొంత అసెంబ్లీ నియోజకవర్గం బయటికే పంపుతారు. గాజువాక ఓటరుకు భీమిలిలో డ్యూటీ పడితే ఫారం 12 ఇచ్చి ఫెసిలిటేషన్ కేంద్రంలో, అంటే డ్యూటీ ఉద్యోగుల ఓటు కోసం ఏర్పాటు చేసే చోట, పోస్టల్ బ్యాలెట్ వేయాల్సిందే. ఆ నిర్వహణ నిబంధనలకు 2023లో చేసిన సవరణ తరువాత బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లే వీలు లేదు. అక్కడే తీసుకుని, అక్కడే వేసి, అక్కడే ఇచ్చి రావాలి. ఇది మంచి మార్పే. బ్యాలెట్ చేతిలో ఉన్న ఉద్యోగి చుట్టూ పార్టీల వాళ్లు తిరిగే అవకాశం దీనితో తగ్గింది.

పోస్టల్ ఓట్ల లెక్కింపు ఉదయం 8 గంటలకే మొదలవుతుంది. గెలుపు ఆధిక్యం కన్నా తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువగా ఉంటే వాటన్నిటినీ నియోజకవర్గ ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి మళ్లీ పరిశీలించి తీరాలి. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం మరో మాట చేర్చింది: పోస్టల్ ఓట్ల లెక్కింపు ముగిశాకే ఈవీఎంల లెక్కింపులో చివరి రౌండుకు ముందుండే రౌండు మొదలుపెట్టాలి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పోస్టల్ ఓటు లేదు. భారత పౌరసత్వం వదులుకోని వారు ఫారం 6ఏతో నమోదై, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వచ్చి వేయాలి.

ఇక నౌకాదళం వారు. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఈ లెక్క చాలా ఇళ్లకు కావాలి. సర్వీసు ఓటరుగా, అంటే సైన్యంలో పనిచేసేవారికి ఉన్న ప్రత్యేక జాబితాలో, సొంత ఊళ్లో నమోదై ఉంటే బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో వస్తుంది. 2016లో మొదలైన ఈ ఏర్పాటులో పంపడం మాత్రమే ఆన్‌లైన్. రహస్య సంకేతం వాడి బ్యాలెట్‌ను దించుకుని, ముద్రించి, గుర్తు పెట్టి, అధికారి ధ్రువీకరణతో తపాలాలోనే తిప్పి పంపాలి. లెక్కింపు మొదలయ్యేలోగా చేరకపోతే లెక్కలోకి రాదు. కవర్ల మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తారు కాబట్టి ఒకే ఓటు రెండుసార్లు పడే వీలుండదు. రక్షణ గట్టిదే, గండం తపాలా ఆలస్యంలో ఉంది.

రెండో దారి ప్రాక్సీ, అంటే బదులు ఓటరు. ఫారం 13ఎఫ్ ద్వారా సొంత నియోజకవర్గంలో నివసించే ఒకరిని నియమిస్తే, ఆ మనిషి బూత్‌కు వెళ్లి మీ తరఫున ఈవీఎంలో వేస్తాడు. ఆ ఓటుకు సిరా ఎడమచేతి మధ్యవేలికి పెడతారు. ఓటు తప్పకుండా లెక్కకు వస్తుంది, కానీ ఆ మనిషి దగ్గర రహస్యం ఉండదు. మూడోది, కుటుంబంతో సహా విశాఖలోనే ఉంటున్నవారు ఇక్కడే సాధారణ ఓటరుగా నమోదు కావడం. శాంతి ప్రాంతాల్లో (యుద్ధ విధులు లేని చోట్ల) పనిచేసే సైనికులకు 2014లో సుప్రీంకోర్టు దీనికి దారి తెరిచింది. బదిలీ దగ్గరలో లేనివారికి నేను చెప్పేది ఇదే. తమ వీధి రోడ్డు, తమ పిల్లల బడి గురించి ఓటు వేసే హక్కు వస్తుంది. నెలల తరబడి ఓడ మీద ఉండేవారు మాత్రం, ఇంట్లో నమ్మకమైన మనిషి ఉంటే ప్రాక్సీ, లేకపోతే ఎలక్ట్రానిక్ బ్యాలెట్ ఎంచుకోవాలి. ఈ రెండిటికీ సర్వీసు ఓటరుగానే కొనసాగాలి. ఇక్కడ సాధారణ ఓటరుగా చేరాలంటే ముందు ఆ నమోదును రద్దు చేయించుకోవాలి.